పాత గనిలో కవలల పోరు

మా కార్న్‌వాల్‌లో సముద్రం ఒడ్డున పాడుబడ్డ తగరం గని ఒకటుంది. పైకప్పు ఎప్పుడో పోయింది. గోడలూ పొగగొట్టమూ మిగిలాయి. చీకటిపడితే అటు ఎవరూ పోరు. లోపల ఇద్దరు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుందనీ, చూడబోయినవాడు మంచం పట్టాడనీ చెప్పుకుంటారు.

గొర్రెలు పెంచుకునే పాస్కో ఇవన్నీ నమ్మేవాడు కాదు. నమ్మకపోయినా... అటు పోయేవాడూ కాదు. ఇది అతను చెప్పగా విన్నదే.

డిసెంబరులో, ఏడాది మొత్తంలో పగలు అన్నిటికంటే చిన్నదైన రోజున, అతని చూలు గొర్రె తప్పిపోయింది. వెతుక్కుంటూ గని దాకా వచ్చేసరికి చీకటి కమ్మేసింది. లోపల్నుంచి— టక్... టక్... కర్ర మీద కర్ర.

కాళ్ళు వెనక్కి లాగుతున్నా గోడ పగులులోంచి తొంగిచూశాడు.

లాంతర్ల వెలుగు. నల్లటి ముసుగుల్లో మనుషులు— చుట్టూ నిలబడి, ఉలుకూ పలుకూ లేకుండా. మధ్యలో ఇద్దరు. ఒకడిది నెరిసిన గడ్డం, తలమీద ముళ్ళాకుల కిరీటం. రెండోవాడు కుర్రాడు, ఓక్ ఆకుల కిరీటం. ఉన్నట్టుండి కుర్రాడి కర్ర లేచింది... గడ్డపాయన నేలకూలాడు.

ముసుగుల్లో ఒక్కరూ కదల్లేదు.

పారిపోదామనే అనుకున్నాడట. కానీ అక్కడ మనిషి చచ్చిపోతుంటే ఎలా వదిలేసి పోతాడు? గోడెక్కి లోపలికి దిగాడు. ముసుగుల్ని తోసుకుంటూ వెళ్ళి శవం పక్కన కూలబడ్డాడు. ఊపిరుందేమోనని చెవి ఆనించాడు.

శవం ఒక కన్ను తెరిచింది.

"బాబూ," అంది మెల్లగా, "నా గడ్డం మీంచి మోకాలు తియ్యవా."

పాస్కో పెట్టిన కేకకి మేం ముసుగులు తీసేసి ఒకటే నవ్వు. అవును, మేమే. ఊళ్ళో మంత్రగాళ్ళని చెప్పుకునే గుంపు మాదే.

మా పెద్దావిడ కెరెంజా అతన్ని కూర్చోబెట్టి టీ, కుంకుమపువ్వు బన్ను చేతికిచ్చింది.

"భయపడకు నాయనా. చీకటీ వెలుగూ ఒక్క కడుపున పుట్టిన కవలలు. ఈ రోజు చీకటన్న పడతాడు. నడివేసవిలో వెలుగు తమ్ముడు పడతాడు. పగేం లేదు వాళ్ళకి. ఒకడు లేకపోతే రెండోవాడూ లేడు."

"ఈ చలిలో పడే వంతు మాత్రం నాకొచ్చింది," గడ్డం దులుపుకుంటూ అన్నాడు డెంజిల్. "వాడికేం, హాయిగా ఎండలో పడతాడు."

పాస్కోకి నవ్వొచ్చింది. గొర్రె మాటే మర్చిపోయి బన్ను కొరుకుతూ చుట్టూ చూశాడు. "మరి ఆ తమ్ముడేడి?"

"తమ్ముడి వేషం కట్టే జోరీకి జ్వరం, రాలేదు," అంది కెరెంజా. "ఆకుల కిరీటం ఆ కర్రకి తగిలించాం. డెంజిలే దాన్ని కొట్టాడు, తనే పడ్డాడు."

నేలలో పాతిన కర్ర కేసి చూశాడు పాస్కో. నమలడం ఆగిపోయింది.

"నాతో పరాచికాలొద్దమ్మా. గోడ దిగుతుంటే నాకు చెయ్యందించింది అతనే కదా. 'మెల్లగా... అన్నకేం కాలేదులే' అని నవ్వాడు." అరచేయి తిప్పి చూసుకున్నాడు. "ఇంత చలిలో... ఎంత వెచ్చటి చెయ్యో."



కెరెంజా ఇంకో కప్పు తీసి, నిండా టీ పోసి, ఆ కర్ర పక్కన పెట్టింది.