బెట్యే ఎవరి చెల్లెలు?

రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంటూ మౌరిట్స్ పోలాక్ కూనిరాగం తీస్తున్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ తిండి అలవాటు పోలేదు. అందులోనూ మ్యూజియంకి వెళ్ళే రోజంటే ఆయనకు మహా హుషారు. ఇస్త్రీ చొక్కా, నీలం టై, అద్దంలా మెరిసే బూట్లు. పదిగంటలకు బడిపిల్లలొస్తారు. నాజీల కాలంలో యూదుల పిల్లాడైన తాను ఎలా బతికి బయటపడ్డాడో వాళ్ళకు చెప్పాలి.

ఎదురుగా కూర్చున్న కూతురు హెస్టర్ కాఫీ ముట్టుకోలేదు. ఆమె కూడా ఆ హోలోకాస్ట్ మ్యూజియం మిత్రబృందంలో సభ్యురాలే. కుర్చీలు సర్దుతుంది, కాఫీలందిస్తుంది. నువ్వూ మీ ఇంటి కథ చెప్పమంటే మాత్రం ఆమడదూరం పరుగెడుతుంది. నిన్న అక్కడ వాలంటీర్ల బాధ్యత చూసే మరైకా ఆమెను పక్కకు పిలిచింది.

"మీ నాన్నగారు బెట్యే అని తన చెల్లెలి గురించి పిల్లలకి చెప్తున్నారు హెస్టర్. ఆయనకి చెల్లెలెక్కడుంది? అది మన్నీగారి చెల్లెలు. మన్నీగారి నోటే ఆ కథ మనం ఎన్నిసార్లు విన్నాం! ఇంక మీ నాన్నగారిని మాన్పించాలి. నువ్వే చెప్పు, మావల్ల కాదు."

మన్నీ మౌరిట్స్ ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఎవరి కథ వాళ్ళు చెప్పారు. కిందటి చలికాలంలో మన్నీ పోయాడు.

హెస్టర్ భర్త యాప్ గాలివాటం పసిగట్టి, సైకిల్ టైరు చూసుకోవాలంటూ ఎప్పుడో జారుకున్నాడు. ఇలాంటప్పుడే మగవాళ్ళకి టైర్లు గుర్తొస్తాయి మరి!

"నాన్నా, ఈ రోజు వెళ్ళొద్దు."

"ఏం, ట్రాములు ఆగిపోయాయా?"

"అది కాదు. ఓసారి డాక్టర్ దగ్గరికెళ్దాం. ఈ మధ్య నీకు మతిమరుపు..."

"నాకా? నీ పెళ్ళిలో మీ అత్తగారు సూప్ చల్లారిందని ఎంతసేపు అలిగిందో చెప్పమంటావా?"

"మరి బెట్యే ఎవరు?"

మౌరిట్స్ చేతిలో రొట్టె పళ్ళెంలోకి దిగింది.

"మన్నీ చెల్లెలు."

"తెలిసే చెప్తున్నావా?"

"తెలిసే."

మతిమరుపే నయమనిపించింది హెస్టర్‌కి. రాత్రంతా ఆ మాటకే భయపడి ఏడ్చింది కూడా.

"ఎందుకు నాన్నా? నీ కథ చాలదా?"

"పోయే ముందు మన్నీ నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'బెట్యేని చూస్తూండరా' అన్నాడు. పక్కింట్లో ఉన్న పిల్లని అప్పజెప్పినట్టు! వాడికి పెళ్ళా, పిల్లలా? నాజీలు పట్టుకున్న పిల్లల్ని పెట్టే శిశుగృహంలో అన్నాచెల్లెళ్ళిద్దరూ ఉన్నారు. నర్సులు వాణ్ణి దొడ్డిదారిన దాటించేశారు. దానికి జ్వరం, కదపలేకపోయారు. అన్న తనని వదిలేసి షికారుకెళ్తున్నాడనుకుని కిటికీలోంచి నాలుక బయటపెట్టి వెక్కిరించిందిట. ఆ వారమే దాన్ని మరణశిబిరానికి రైలెక్కించారు. ఆ వెక్కిరింత సంగతి ఇప్పుడు మోస్తున్నది నేనొక్కణ్ణే."

"స్నేహితుడి చెల్లెలని చెప్పొచ్చుగా!"

"చెప్పాను. పిల్లలు ఆవలించారు. ఇంకోసారి 'నా చెల్లెలు' అని నోరుజారింది. ఒక్కడు కదిలితే ఒట్టు." ఆయన గొంతు తగ్గింది. "ఒక్కణ్ణే పుట్టానమ్మా. నోరారా చెల్లెలు అని పిలిస్తే... బాగుందే."

హెస్టర్‌కి జాలేసింది. కానీ కోపం ఆగలేదు.

"బాగుందా? యూదుల్ని చంపారన్నదంతా కట్టుకథ అనేవాళ్ళు కాచుక్కూర్చున్నారు! రేపెవడో నీ మాటలు ఫోన్లో పట్టి లోకమంతా పంపిస్తాడు. 'ఈ ముసలాడికి చెల్లెలే లేదు, చూడండి' అంటాడు. చెల్లెలు అబద్ధమైతే అమ్మ కూడా అబద్ధమే అంటాడు. నీ తల్లి చావుని నువ్వే అబద్ధం చేస్తున్నావు నాన్నా!"

అనేశాక చెంపలేసుకోవాలనిపించింది. మౌరిట్స్ మొహం పాలిపోయింది. లేచి కోటు తీసుకున్నాడు. చెయ్యి ఎంతకీ దూరకపోతే ఆమె సాయానికొచ్చింది. ఆయన విదిలించుకున్నాడు.

"నేను వేసిన ముడి నేనే విప్పుకుంటాను."

ట్రాములో ఇద్దరూ చెరో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. మ్యూజియం గుమ్మంలో మరైకా ఎదురొచ్చింది. ఆయన్ని చూడగానే ఆమెకు గాభరా పుట్టింది.

"మౌరిట్స్ గారూ, ఈ రోజుకి..."

"ఈ ఒక్కరోజూ మాట్లాడనివ్వమ్మా. ఆ తర్వాత మీ ఇష్టం."

మరైకా హెస్టర్ వంక చూసింది. ఆమె కాదంటే అక్కడితో ఆగిపోయేది. "నేను వెనకాల కూర్చుంటాను" అంది హెస్టర్.

మౌరిట్స్ తన కథ చెప్పాడు. ఊరుకాని ఊళ్ళో, పశువుల కొట్టం అటకమీద దాక్కోవడం. యుద్ధం అయ్యాక స్టేషన్లో అమ్మానాన్నల కోసం ఎదురుచూడటం, ఎవరూ రాకపోవడం. ఆపైన మంచినీళ్ళు తాగి టేబుల్ గట్టిగా పట్టుకున్నాడు.

"ఇప్పుడు బెట్యే గురించి చెప్తాను. మీకంటే ముందొచ్చిన పిల్లలకి ఆమె నా చెల్లెలని చెప్పాను. అది తప్పు. ఆమె నా స్నేహితుడి చెల్లెలు. నేను విన్నదే చెప్తున్నాను, చూసింది కాదు. ఆ పిల్లల బళ్ళకి కూడా ఈ మాట నేనే చెప్పుకుంటాను."

చెప్పాడు. జ్వరం, కిటికీ, వెక్కిరింత. ఈసారి ఆవలించినవాళ్ళున్నారో లేదో హెస్టర్ చూడలేదు. తండ్రి మొహం మీంచి ఆమె చూపు కదిలితేగా!

ముందు వరసలోని ఓ అమ్మాయి చెయ్యెత్తింది. "బెట్యే ఎలా ఉండేది?"

మౌరిట్స్ తల అడ్డంగా ఊపాడు. "తెలీదు తల్లీ. మన్నీని ఎప్పుడూ అడగలేదు. వాడున్నన్నాళ్ళూ అడగాలని తోచలేదు. ఇప్పుడు అడుగుదామంటే వాడు లేడు."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పిల్లలు వెళ్ళిపోయారు. "వచ్చే నెలా ఇలాగే చెప్పండి మౌరిట్స్ గారూ" అని, ముక్కు ఎగబీలుస్తూ మరైకా కూడా వెళ్ళింది. ఖాళీ కుర్చీల మధ్యనుంచి నడిచొచ్చి హెస్టర్ తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, మీ అమ్మ ఎలా ఉండేది?"

ఆయన తలెత్తాడు. "ఇన్నేళ్ళకి అడుగుతున్నావా?"

"అడిగితే ఏడుస్తావేమోనని భయం."

"చెప్తే నువ్వు ఏడుస్తావని నేనూ ఊరుకున్నానే!"

ఆ మాటతో ఇద్దరికీ ఏడుపు ఆగలేదు. పొద్దుట విదిలించుకున్న చేత్తోనే ఆమె తల నిమిరాడు.

"పొట్టిగా ఉండేది. నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. కోపమొస్తే మాత్రం నాన్నకి కూడా హడలే. అచ్చం నీలాగే."

హెస్టర్ కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది.

"ఇంకా చెప్పు" అంది.