వేదసాక్షి కుడిచెయ్యి

నవంబరు వానకి ప్రెస్టన్ వీధుల్లో మధ్యాహ్నం కాకముందే చీకటి ముసిరింది. ప్రైవేట్ డిటెక్టివ్ ఎడ్గర్ ఎన్‌ట్విజిల్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ముసలి గురువు, గొడుగు మడవడం కూడా మరిచి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. నీళ్లు కారి చాప తడుస్తోంది. అసిస్టెంట్ హిల్డా రిగ్బీ ఆ గొడుగు అందుకుని ఆయన్ని నిప్పు పక్కన కూర్చోబెట్టింది.

"మా చెయ్యి పోయింది," అన్నాడాయన.

ఎన్‌ట్విజిల్ ఆయన రెండు చేతుల వైపూ చూశాడు. హిల్డా కలగజేసుకుంది. ఆమె క్యాథలిక్కు, ఆల్డర్‌బెక్ చర్చి గురువు కానన్ విటిల్‌ను చూడగానే గుర్తుపట్టింది.

"ఫాదర్ థర్స్టన్ గారి చెయ్యి సార్. వేదసాక్షి. క్యాథలిక్ పూజ నిషేధమైన రోజుల్లో పూజ చెప్పాడన్న నేరానికి లాంకాస్టర్‌లో ఉరితీశారు, మూడొందల ఏళ్ల కిందట. ఆయన కుడిచెయ్యి ఆల్డర్‌బెక్ చర్చిలో ఉంటుంది. నాకు పొంగు పోసినప్పుడు మా అమ్మ అక్కడికే తీసుకెళ్లింది."

"తగ్గిందా?"

"నేను బతికే ఉన్నానుగా సార్."

ఆ మాటకి కానన్ తలెత్తలేదు. జరిగింది మెల్లగా చెప్పాడు. ఉరితీసిన రోజున షార్‌రాక్ అనే రైతు భార్య ఆ చేతిని శాలువా కింద తెచ్చి రొట్టెల పొయ్యి వెనక గూట్లో దాచింది. ఆ ఇంటి అటక మీద తరతరాలు దొంగచాటుగా పూజలు జరిగాయి. చట్టం సడలాక పొలంలో ఒక గుడిసె లేచింది, ఆ తర్వాత చర్చి, బడి, శ్మశానం. ఆల్డర్‌బెక్‌లో క్యాథలిక్ సంఘమంటూ ఒకటుందంటే ఆ చెయ్యి చుట్టూ పెరిగిందే. ఇప్పుడా పెట్టె ఖాళీగా ఉంది.

"ఎప్పుడు చూశారు?"

"మంగళవారం. మిసెస్ కెన్యన్ జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి తెచ్చింది. తాకిద్దామని పెట్టె తెరిచాను. లోపల గుడ్డ ఒక్కటే ఉంది. ఇక చేసేదిలేక పిల్లాణ్ణి ఆసుపత్రికి పంపాను."

"పోలీసులకి చెప్పలేదేం?"

"చెబుతానని మిస్ షార్‌రాక్ పట్టుబడుతోంది. ఆ వంశంలో ఆవిడొక్కతే మిగిలింది. ఆవిడ అనుమానమంతా ఎలెన్ డక్‌వర్త్ మీద. చర్చి బట్టలు ఉతికే మనిషి. ఎలెన్‌కి ఏ పాపం తెలీదు. నన్ను నమ్మండి. ఆదివారం బిషప్ గారు ఒక డాక్టరును వెంటబెట్టుకొస్తున్నారు, ఆ చేతిని పరీక్షించడానికి. ఈలోగా మీరు వస్తే మిస్ షార్‌రాక్ ఆగుతానంది."

*

ఆల్డర్‌బెక్ రెండు నూలు మిల్లుల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు. పొగగొట్టాల మసి చర్చి గోడల మీద కూడా పేరుకుంది. లోపల, చెయ్యి ఉండే పక్కపీఠం దగ్గర మిస్ ఉర్సులా షార్‌రాక్ కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉంది. పొడుగాటి మనిషి, నల్ల టోపీ. ఆమెకు కొంచెం ఎడంగా బడి హెడ్మాస్టరు కత్‌బర్ట్ లేలాండ్. సంఘం చరిత్ర పుస్తకం రాస్తున్నది ఆయనే.

ఓక్ పెట్టె తాళం చెక్కుచెదరలేదు. ఒక తాళంచెవి కానన్ దగ్గర ఉంటుంది. రెండోది పూజవస్త్రాల గదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. దాని సంగతి ఇక్కడున్న అందరికీ తెలుసు.

ఎన్‌ట్విజిల్ లోపలి గుడ్డను బయటికి తీశాడు. అంచున ఎర్రదారంతో షార్‌రాక్ వంశం గుర్తు కుట్టి ఉంది. గుడ్డ చతురస్రంగా, చక్కగా మడత పెట్టి ఉంది.

"ఇది ఎప్పుడూ ఇలాగే మడతపెడతారా?"

"మడతా? దీన్ని ఎప్పుడూ చుట్టడమేగానీ మడవడం లేదు," అంది మిస్ షార్‌రాక్. "మా నాయనమ్మ నాకు అలాగే నేర్పింది."

హిల్డా ఆ మడతలు ఒక్కొక్కటే విప్పింది. కింది భాగం పైకి, పై భాగం కిందికి, ఆ తర్వాత రెండు పక్కలూ లోపలికి. "పూజలో గిన్నె కింద పరిచే గుడ్డని ఇలా మడుస్తారు సార్. దీవించిన రొట్టె, అదే అప్పద్రవ్యం, తునకలు రాలిపోకుండా."

"ఆ గుడ్డల్ని వారం వారం ఇస్త్రీ చేసి మడిచేదెవరు? ఎలెన్," అంది మిస్ షార్‌రాక్. "ఇంకేం కావాలి మీకు?"

"మాస్టారూ, మీరేమంటారు?" ఎన్‌ట్విజిల్ లేలాండ్ వైపు తిరిగాడు. "ఆ చెయ్యి వేదసాక్షిది కాదని మీరన్నారట?"

"కాదనలేదండీ. కాకపోవచ్చన్నా. రెండింటికీ చాలా తేడా ఉంది, ఇక్కడ మాత్రం ఎవరికీ పట్టలేదు." లేలాండ్ చిన్నగా నవ్వాడు. "డాక్టర్ చేత చూపించమని బిషప్‌గారిని అడిగింది నేనే."

"ఆ సంగతి ఒప్పుకోడానికి సిగ్గుండాలి," అంది మిస్ షార్‌రాక్. "దాని కోసం మావాళ్లు ముగ్గురు జైల్లో చచ్చారు. ఈయనేమో చీటీ కట్టి కొలుస్తాడట."

*

ఎలెన్ డక్‌వర్త్ ఇల్లు మిల్లు వెనక వరసలో ఉంది. ఆవిరి నిండిన పెరటిగదిలో చేతులు తుడుచుకుంటూ వాళ్లకి టీ పోసింది. నలభై దాటి ఉండవు, జుట్టంతా నెరిసింది.

"నేనే తీశానని అనుకుంటున్నారంటగా," అంది, కోపమేమీ లేకుండా. "తీసి ఏం చేసుకుంటానయ్యా? నాకు ఊరట అదొక్కటే."

"ఊరటంటే?"

"పోయిన జనవరిలో మా బెస్సీ పోయింది. గొంతు వాచింది, జ్వరం. కానన్ గారు వానలో ఆ చెయ్యి పట్టుకొచ్చి తాకించారు. పిల్లని ఎక్కడికీ కదిలించొద్దు, నవదిన ప్రార్థన చేయమన్నారు. చేశాం. దేవుడు తీసుకుపోవాలనుకున్నాడు, ఎవరేం చేస్తారు? కానీ ఆ వేదసాక్షి చెయ్యి నుదుటి మీద ఉండగా పోయింది నా బిడ్డ. అంతకన్నా చేయగలిగింది ఏదీ లేదు. అదనుకుంటేనే నాకు నిద్రపడుతుంది."

హిల్డా కప్పు కింద పెట్టేసింది.

"కానన్ గారు మంచివారు," అని ఎలెన్ మళ్లీ అందుకుంది. "మోకాళ్లు వంగక పీఠం ముందు కూడా వంగలేరు, అలాంటిది ఈ నెల మొదట్లో, పోయినవాళ్లని తలుచుకునే పెద్దల పండగనాడు మా బెస్సీ సమాధి మీద ఆయనే కూర్చుని పూలదుంపలు నాటారు. వద్దన్నా విన్లేదు. లేచేసరికి బట్టలన్నీ బురద."

తిరిగొస్తూ వాళ్లు కెన్యన్ల ఇంటి ముందు ఆగారు. మిసెస్ కెన్యన్ గుమ్మం తుడుస్తోంది.

"కానన్ గారు తెరిచిందెక్కడ పెట్టె? నన్ను చర్చిలో అడుగే పెట్టనీలేదు," అంది. "మెట్ల మీదే ఎదురొచ్చి, 'ఇక్కడికి కాదు, ఆసుపత్రికి పద' అని కసిరారు. ఆయన కోప్పడగా నేనెప్పుడూ చూళ్లేదు. రొట్టెల బండిని ఆపి ఆయనే ఎక్కించారు. నాకు ఏడుపొచ్చింది, మాకు ఆ చెయ్యి దక్కదా అని. దారిన పోతున్న మిస్ షార్‌రాక్‌తో ఆ మాటే చెప్పుకుని ఏడ్చా. ఆవిడ వెళ్లి చూస్తే పెట్టె ఖాళీగా ఉందట."

"పిల్లాడెలా ఉన్నాడు?"

"సూది మందు వేశారు. నిన్నట్నుంచి జావ తాగుతున్నాడు. గొంతు వాచే జబ్బు, కంఠసర్పి అంట."

ఎన్‌ట్విజిల్ టోపీ తీసి ఆమెకు నమస్కరించాడు. వీధి చివర ఆగి చర్చి శ్మశానం వైపు చూశాడు. హిల్డాకి విషయం అర్థమైంది. ఎన్‌ట్విజిల్ ఊహ తప్పైతే బాగుండునని మొదటిసారి కోరుకుంది.

*

శనివారం మధ్యాహ్నం కానన్ ఇంటి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. కిటికీ అవతల వాన పడుతూనే ఉంది. మిస్ షార్‌రాక్ తన పక్క కుర్చీలో ఎలెన్‌ను కూర్చోనివ్వలేదు. ఎలెన్ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"మాస్టారికి ఆ చెయ్యి మాయం కావడం వల్ల ఒరిగేదేమీ లేదు," అని మొదలుపెట్టాడు ఎన్‌ట్విజిల్. "పరీక్ష కావాలని అడిగిందే ఆయన. మిస్ షార్‌రాక్ తన ఇంటికి తీసుకెళ్లి దాచే మనిషే, కాదనను."

"దాచేదాన్నే," అంది ఆవిడ.

"కానీ మీ పెద్దలు కుట్టిన గుడ్డ వదిలేసి వెళ్లేవారు కాదు. దాన్ని మడిచేవారూ కాదు. ఆ మడత ఇద్దరికే చేతి అలవాటు. ఇస్త్రీ చేసేవాళ్లు ఒకరు. ఇక రెండో మనిషి..." అని ఆగాడు. "ఎలెన్ దాన్ని తీయడమంటే బిడ్డ చావులో తనకి మిగిలిన ధైర్యాన్ని తనే పారేసుకోవడం. కానన్ గారూ, పెట్టె ఖాళీగా ఉందని చూశాక పిల్లాణ్ణి ఆసుపత్రికి పంపానన్నారు. మీరు పెట్టె తెరవనేలేదు. మెట్ల మీదే ఆపేశారు. అందులో ఏమీ లేదని మీకు ముందే తెలుసు. రోజూ పూజ ముగించి ఆ గుడ్డ మడిచే చేతులు మీవి. ఆ రోజూ అలవాటుగా మడిచేశాయి."

లేలాండ్ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. కానన్ కళ్లు మూసుకున్నాడు.

"మోకాళ్లు వంగని మనిషి ఆ బురదలో కూర్చుని పూలదుంపలు ఎందుకు నాటాలి?" అన్నాడు ఎన్‌ట్విజిల్. "ఇంకొకరికి చెబితే నాటరా? మట్టి తవ్వడానికి మీకు ఒక కారణం కావాలి."

కానన్ కళ్లు తెరిచి ఎలెన్ వైపు చూశాడు.

"బెస్సీ దగ్గరే ఉంది," అన్నాడు కానన్. "ఊళ్లో మళ్లీ జ్వరాలు మొదలయ్యాయి. తల్లులు నా దగ్గరికే వస్తారు. ఆ పెట్టె ఉన్నంతకాలం ఆసుపత్రికి పోరు. అది నిజమైనదని డాక్టరు చెప్పినా ఒకటే, కాదని చెప్పినా ఒకటే. ఇంకో పిల్ల నుదుటి మీద దాన్ని పెట్టడం నా వల్ల కాలేదు."

"అబద్ధమెందుకు?" అంది మిస్ షార్‌రాక్. "నాతో చెప్పొచ్చుగా. ఒక్క మాట."

"మీతో చెబితే ఊరంతటికీ తెలుస్తుంది. ఊరికి తెలిస్తే ఎలెన్‌కి తెలుస్తుంది. మీరు పోలీసులనేసరికి భయపడి ఈయన దగ్గరికి పరిగెత్తాను. ఈయనకీ ఏమీ దొరకదు, అంతటితో పోతుందనుకున్నాను."

అప్పుడు ఎలెన్ లేచి నిలబడింది. అందరూ తనవైపు చూస్తున్నా ఆమె చూపు కానన్ మీదే ఉంది.

"కెన్యన్ల పిల్లాడికి ఏం జబ్బు ఫాదర్?"

ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా."

"కంఠసర్పి."

"బతుకుతాడా?"

"బతుకుతాడమ్మా."

ఎలెన్ తలాడించింది. శాలువా సరిగా కప్పుకుంది. కానన్ కుర్చీ చేతులు పట్టుకుని అతికష్టం మీద లేచి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చోబోయాడు. లేలాండ్ వెనక నుంచి పట్టుకున్నాడు.

"ఎలెన్, నన్ను క్షమించు."

"ఇవాళ అడక్కండి ఫాదర్," అందామె. గొంతు పెంచలేదు. మిస్ షార్‌రాక్ వైపు తిరిగి, "అది అక్కడే ఉండనీండమ్మా. దానికోసం నా బిడ్డని తవ్వొద్దు," అంది.

మిస్ షార్‌రాక్ ఆ మాటకి తలవంచింది. వంశంలో చివరి మనిషి. మూడు వందల ఏళ్లుగా తమవాళ్లు దాచిన దాన్ని మట్టికి వదిలేయాలంటే కాసేపు పట్టింది. "ఉండనీ," అంది చివరికి. లేచి తలుపు తీయబోయింది గానీ, అప్పటికే ఎలెన్ వానలోకి వెళ్లిపోయింది.

*

ప్రెస్టన్ వెళ్లే రైల్లో హిల్డా చాలాసేపు ఆపుకుని అడిగింది.

"అదంతా ఎలెన్ ఎదుటే చెప్పాలా సార్?"

"చెప్పకపోతే ఆ ఊరు ఆమెనే దొంగంటుంది. చచ్చేదాకా," అన్నాడు ఎన్‌ట్విజిల్. తర్వాత కిటికీ వైపు తిరిగి, "దొంగన్న మాట తీసేశాను. బదులుగా ఏం ఇచ్చానో చూశావుగా," అన్నాడు. ఆయన మేధస్సును హిల్డా ఎన్నోసార్లు మెచ్చుకుంది. ఆ రోజు మాత్రం మెచ్చుకోలేదు, ఆయనా ఎదురుచూడలేదు.

బిషప్ పెద్దగా రచ్చ చేయలేదు. కానన్ విటిల్‌ను సముద్రం ఒడ్డున ముసలి గురువులుండే ఇంటికి పంపించాడు. లేలాండ్ తన చరిత్రలో చేతి గురించి రాసినదంతా ఉంచి, ఆఖర్న ఒక్క వాక్యం చేర్చాడు: ఆ చెయ్యి ఇప్పుడు ఆల్డర్‌బెక్ మట్టిలో ఉంది.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో కానన్ చనిపోయాడు. తన సంఘం శ్మశానంలోనే పూడ్చమని అడిగాడట. అంత్యక్రియలకు హిల్డా వెళ్లింది. శవపేటిక మీద పరిచిన నల్లగుడ్డకి ఒక్క ముడతైనా లేదు. పీఠం మీది తెల్లగుడ్డలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. అవన్నీ ఉతికి ఇస్త్రీ చేసింది ఎలెనేనని మిసెస్ కెన్యన్ చెవిలో చెప్పింది.

ఎలెన్ ఆఖరి బల్ల మీద కూర్చుంది. పూజంతా విన్నది, ప్రార్థనలన్నిటికీ బదులు పలికింది. జనమంతా పేటిక వెంట శ్మశానం వైపు కదిలాక, ఆమె వాళ్లతో వెళ్లలేదు. పీఠం దగ్గరికొచ్చి కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పి, గుడ్డలు తీసి చంకన పెట్టుకుని, పక్క తలుపు గుండా ఇంటికి వెళ్లిపోయింది.