కదిలే పైకప్పు

బండి కదులుతోంది.

ఖైసర్ ఇంకా దాని పైకప్పు మీదే ఉన్నాడు!

"అన్నా... ఆపున్రి... పైన మనిషున్న..."

ఇంజన్ మోతలో ఎవరికీ వినపడదు. నిచ్చెన షెడ్డు గోడకే ఉండిపోయింది.

పాత బస్సును ఇల్లులా మార్చిన క్యారవాన్ అది. నస్పూర్‌లో, బావ నదీమ్ షెడ్డులో, పొద్దుటి నుంచి దాని మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తున్నాడు. అన్నం తిని వచ్చి మళ్లీ పైకెక్కిన సంగతి కింద ఎవరూ చూసినట్టు లేదు.

బోర్లా పడుకుని ప్యానెల్ ఫ్రేమును పట్టుకుంటాడు. ఎండకు రేకు కాలుతోంది... చొక్కాలోంచి పొట్ట చుర్రుమంటోంది.

ఉట్నూర్ రోడ్డు. స్పీడ్ పెరుగుతోంది.

మొహం పక్కనే, వైరు దింపడానికి పొద్దున వేసిన కన్నం. అందులోంచి అరవాలని వంగుతాడు.

లోపలి నుంచి మూలుగు.

కన్ను పెట్టి చూస్తాడు.

పొద్దున ఖాళీగా ఉన్న మంచం మీద ఇప్పుడు ఓ ఆడమనిషి. చేతులు కమ్మీకి కట్టేసి ఉన్నాయి. నోట్లో గుడ్డ.

అరవకుండా కన్నానికి నోరు ఆనించి మెల్లగా అడుగుతాడు.

"ఎవలమ్మా నువ్వు?"

ఆమె గింజుకుని గుడ్డను ఉమ్మేస్తుంది.

"మమతారాణి... భానుప్రసాద్ మా ఆయనను సంపుతుంటే చూసిన. రేపు కోర్టుల చెప్పాలె. గందుకే అడివికి తీస్కపోతుండు తమ్మీ..."

భానుప్రసాద్. బండి ఓనర్. పొద్దున తనకు చాయ్ తెప్పించిన మనిషి. ఇప్పుడు డ్రైవర్ పక్కన కూర్చుని ఉన్నాడు.

ఖైసర్ ఫోన్ తీస్తాడు. నదీమ్‌కు కొడతాడు.

"భాయ్... బండ్ల ఒకామెను కట్టేసిన్రు. సంపుతరట. నేను పైనే ఉన్న."



"పైననా?" నదీమ్ గొంతు మారింది. "ఎవలికి ఫోన్ చెయ్యకు. సప్పుడు చెయ్యకు. పోలీసులకు నేను చెప్త. ఫికర్ చెయ్యకు."

ఖైసర్‌కు ఊపిరి వస్తుంది. సంచిలోంచి కటింగ్ బ్లేడ్ తీసి కన్నంలోంచి వదులుతాడు.

"కోసుకో అక్కా. పోలీసులొస్తుండ్రు."

ఆమె వేళ్లు వెతుకుతాయి... అందుతుంది. తాడు మీద బ్లేడ్ కదులుతోంది.

టేకు చెట్లు మొదలయ్యాయి.

బండి ఆగుతుంది!

పోలీసులే అనుకుని తలెత్తుతాడు.

రోడ్డు మీద ఒక్క మనిషీ లేడు.

భానుప్రసాద్ దిగుతాడు. ఒక చేతిలో పిస్టల్. ఇంకో చేతిలో ఫోన్, స్పీకర్ ఆన్‌లో.

"భానన్నా, పోరడు నా బామ్మర్ది." నదీమ్ గొంతు. "వానికేం చెయ్యకు. గామె ముచ్చట జల్ది చూస్కో."

పోలీసులకు చెప్తానన్న గొంతే అది.

"ఇన్నవ్ గద. ఆడ్నే పండుకో," అంటాడు భానుప్రసాద్. తలుపు వైపు నడుస్తాడు.

"అన్నా... గామెను ఇడిసిపెట్టున్రి... నీ కాళ్లు మొక్కుత..."

అతను వెనక్కి చూడడు.

ఖైసర్ డ్రిల్ మెషీన్ విసురుతాడు. అది భుజానికి తగులుతుంది. ఫోన్ జారి రోడ్డు మీద పడుతుంది. అంతే. తలుపు మూసుకుంటుంది.

దూకుతాడు. చీలమండ పటుక్కుమంటుంది. దుమ్ములో పాక్కుంటూ వెళ్లి తలుపును రెండు చేతులా బాదుతాడు.

"అక్కా..."

ఢాం!

టేకు చెట్ల మీది కాకులు లేస్తాయి. లోపల ఇక ఏ చప్పుడూ లేదు.

రోడ్డు మీద ఫోన్ ఇంకా మాట్లాడుతోంది.

"హలో... భానన్నా... అయిపోయిందా?"