పేరు రాయలేదు, కిటికీ రాసింది

పొద్దున్న ఎనిమిదింటికే అక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నిధుల దరఖాస్తులో ఒకే పేజీని నాలుగోసారి నింపుతోంది. సేవ్ నొక్కినప్పుడల్లా ఆ సైటు తిరిగి తిరిగి మొదటి పేజీకే వచ్చి కూర్చుంటోంది. గడువు మధ్యాహ్నం పన్నెండు.

"ఆడవాళ్ళ హక్కుల కోసం నిధులిస్తారుట! అడగబోతే ఆడదాని ప్రాణం తోడేస్తారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు!" అంటూ కీబోర్డు మీద ఒక్కటి వేసింది.

"దాన్ని కొడతావెందుకే? నీకేం చేసింది అది?" అంది తల్లి టీ వడగడుతూ.

అక్క నడిపేది సైకిళ్ళ షాపు మేడ మీద ఒక్క గది. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళూ, పని చేయించుకుని జీతం ఎగ్గొడితే ఎవరికి చెప్పుకోవాలో తెలియనివాళ్ళూ అక్కడికొచ్చి కూర్చుంటారు. అక్క వాళ్ళకి అర్జీలు రాసిపెడుతుంది, స్టేషనుకీ కోర్టుకీ వెంట వెళ్తుంది. ఈ నిధి రాకపోతే నెలాఖరుకి ఆ గదికి తాళమే. పదకొండుమంది కేసులు సగంలో ఉన్నాయి. కిందటేడు నిధులిచ్చే ఈ సంస్థే కాదంటే, ఎందుకని ఫోన్ చేసి అడిగింది. "అంతా బావుంది మేడమ్, కానీ గుండెకి తగలట్లేదు. ఒక మనిషి కథ పెట్టండి" అన్నాడు అక్కడి ఆఫీసరు, కూరగాయలు బేరమాడినంత తేలిగ్గా.

సరే, ఈసారి గుండెకి తగిలేట్టే రాసింది. 'మీ పనివల్ల జీవితం మారిన ఒక మహిళ కథ, ఐదువందల పదాల్లో' అన్న పెట్టె నిండింది. ఆ కాగితం ప్రింటు తీసి తల్లి ముందు పెట్టింది.

తల్లి నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఆ ఇంట్లోంచి ఏ కాగితం బయటికెళ్ళాలన్నా ఆవిడ ఎర్రపెన్ను దాటాల్సిందే. పైగా గట్టిగా చదువుతుంది, కామాలతో సహా. ప్రెస్సులో అబ్బిన అలవాటు, ఇప్పుడు మానమంటే మానుతుందా?

"'ఒక దర్జీ, కామా, ముప్ఫై ఏళ్ళది, ఫుల్‌స్టాప్. భర్త పనికెళ్తూ బయటినుంచి తాళం వేసేవాడు, ఫుల్‌స్టాప్. పంపు కూడా బయటే, కామా, కాబట్టి ఆమె కిటికీలోంచి గ్లాసు చాపి, కామా, పక్కింటివాళ్ళని మంచినీళ్ళు అడిగేది, కామా...'"

ముందుగదిలో చెల్లెలి కుట్టుమిషను ఆగిపోయింది.

తల్లి గొంతు కూడా ఆ కామా దగ్గరే ఆగిపోయింది. చిన్నకూతురు రెండేళ్ళ కిందట మొగుణ్ణి వదిలి వచ్చినప్పుడు "మాకు సరిపడలేదమ్మా" అంది. తల్లికి తెలిసింది అంతే. అంతకుమించి అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

చెల్లెలు గుమ్మంలోకొచ్చి నిలబడింది. మెడలో టేపు వేలాడుతోంది.

"అమ్మకి చెప్పొద్దని నీతో చేతిలో చెయ్యి వేయించుకున్నాను కదే అక్కా."

"పేరు రాయలేదు కదే!"

"పేరు రాయలేదు. కిటికీ రాశావు. గ్లాసు రాశావు. ఇంక పేరెందుకు?"

"నా కోసం రాశానా? పదకొండుమంది ఉన్నారే అక్కడ! గది మూస్తే వాళ్ళెక్కడికి పోతారు? నువ్వే చెప్పు!" అక్క కూడా గొంతు పెంచింది. తప్పు చేసినవాళ్ళకి కోపం ముందొస్తుంది.

"అడిగితే ఏమనేదాన్నో నాకే తెలీదు. అడిగావా? ఆయనా అంతే, తాళం వేసేముందు ఎప్పుడూ అడగలేదు."

అక్క తల్లి చేతిలోంచి కాగితం లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టింది.

"నీ గదిలో గోడకి గుడ్డ వేలాడదీశావే, 'అడక్కుండా ఎవరి మాటా ఈ గది దాటదు' అని. ఎర్రదారంతో ఆ అక్షరాలు కుట్టింది నేను. ప్రపంచంలో అందరి మాటా దాస్తావు, ఇంట్లోదాని మాట మాత్రం ఫారంలో పెడతావు. కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలే?"

చెల్లెలు విసురుగా వెళ్ళిపోయింది. మిషను మాత్రం మొదలవలేదు.

అక్క లాప్‌టాప్‌ని ముందుకి లాక్కుంది. ఆ ఆఫీసరు మీద, ఆ పెట్టె మీద, అన్నిటికన్నా తన మీద ఒళ్ళు మండిపోయింది. కళ్ళు తుడుచుకుని ఐదువందల పదాలూ చెరిపేసింది. ఏదో టైపు కొట్టి, ప్రింటు తీసి, తలెత్తకుండానే తల్లికిచ్చింది.

తల్లి చదివింది. "'మా దగ్గర కథలున్నాయి, ఫుల్‌స్టాప్. అవి మావి కావు, కామా, చెప్పుకున్నవాళ్ళవి, ఫుల్‌స్టాప్. మేము ఎవరికీ చెప్పమన్న నమ్మకంతోనే వాళ్ళు మా దగ్గరికొస్తారు, ఫుల్‌స్టాప్. ఇదే మా పని, ఫుల్‌స్టాప్.'"

"ఇలా రాస్తే నిధి ఇస్తారా?" అంది తల్లి.

"ఇవ్వకపోవచ్చు. చెట్టుకింద కుర్చీ వేసుకుని రాస్తాను అర్జీలు."

ముందుగదిలోంచి గొంతు వినిపించింది. "కింద ఒక ముక్క చేర్చు. నేను చెప్తున్నాను, రాసుకో."

అక్క చటుక్కున కీబోర్డు మీద చేతులు పెట్టింది.

"'ఆ గదికి నేనూ వెళ్ళాను. ఇప్పుడు నా తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.' అంతే."

"ఇంకా నాలుగొందల డెబ్భై పదాలకి చోటుందే..." అంది అక్క, ఏడుస్తూనే నవ్వుతూ.

"ఫుల్‌స్టాప్ అన్నాక ఫుల్‌స్టాపే. అమ్మనడుగు."

పదకొండూ యాభైకి ఫారం వెళ్ళింది. అక్క ముందుగదిలోకెళ్ళి చెల్లెలి పక్కన నేల మీద చతికిలబడింది. "తప్పయిపోయిందే" అంది. చెల్లెలు కుట్టాల్సిన జాకెట్టు అంచు ఒకటి ఆమె చేతికిచ్చి పట్టుకోమంది.

అప్పుడొచ్చింది తల్లి. రెండేళ్ళుగా అడగనిది ఎలా అడగాలో ఆవిడకింకా తెలియలేదు. అంచుదాకా నింపిన మంచినీళ్ళ గ్లాసు చిన్నకూతురి ముందు పట్టుకుని నిలబడింది. నీళ్ళు బట్ట మీద ఒలుకుతున్నా దించలేదు.

"తాగమ్మా," అంది.

చెల్లెలు గ్లాసు అందుకుని, ఆగకుండా, అడుగుదాకా తాగింది.