మూడు పొగగొట్టాల ఇంజన్

“వాటాలు తేల్చేసుకుందాం. ఇంజన్ కరిగించి నా ఇనుము నాకిచ్చెయ్.”

హెడ్‌ఫోన్‌లో ఆ మాట వినగానే లిఫ్ట్ మెకానిక్ చేతిలో టీ గ్లాసు ఒరిగింది. ఒరిగిందంటే అలా ఇలా కాదు, సగం టీ చొక్కాయే తాగేసింది.

అన్నదమ్ములు పొలాలు పంచుకోవడం అందరం చూశాం. ఈ మెకానిక్కూ, ఆ మాటన్న అమ్మాయీ పంచుకోబోతున్నది ఒక రైలింజన్, అదీ ఫోన్‌లో ఆడే ఆటలోది. ఆ ఆటలో కొండ తవ్వి, ఖనిజాన్ని కొలిమిలో కరిగించి, ముక్కముక్కా పోతపోసి యంత్రాలు కట్టాలి. అక్కడ అతని పేరు తుప్పు, ఆమె పేరు నిప్పురవ్వ. నాలుగు నెలలు కష్టపడి ఆరువందల ముక్కలతో ఆ ఇంజన్‌ని నిలబెట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ, ఆమె ఏ మాటకి ముందు ఊపిరి బిగపడుతుందో అతనికి కంఠతా వచ్చు.

ఇంజన్ పూర్తయిన రోజున ఆమే అడిగింది, “బయట కలుద్దామా?” అని. బేకరీ, ఆదివారం, ఐదు గంటలు. ఆమె వెళ్లింది. అతను వెళ్లలేదు.

“లిఫ్ట్‌లో ఇరుక్కుపోయానని చెప్పాను కదా!”

“నువ్వేం పని చేస్తావు బాబూ?”

“లిఫ్టులు బాగుచేస్తాను.”

“లిఫ్టులు బాగుచేసేవాడు లిఫ్ట్‌లో ఇరుక్కున్నాడు. రెండు గంటలు. ఫోన్ కూడా పనిచెయ్యలేదు. దూరం నుంచి నన్ను చూసి నచ్చక పారిపోయానని చెప్పెయ్, సరిపోతుంది.”

పాపం, అతను చెప్పింది అక్షరాలా నిజం. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య గోడని రెండు గంటలు చూస్తూ కూర్చున్నాడు. ఆ గోడ మీది ఇటుకలన్నీ ఇప్పటికీ పేరుపేరునా గుర్తే. కానీ కొన్నిసార్లు నిజం మొహం కూడా అబద్ధంలాగే ఉంటుంది.

ఆటలో ఒక నియమం ఉంది. ఇద్దరు కలిసి చేసిన వస్తువుని కరిగించాలంటే ఇద్దరూ కొలిమి దగ్గర నిలబడి చెరో మీటా లాగాలి. రోజుకి ఇరవై ముక్కలే. అంటే ముప్ఫై సాయంత్రాలు. ఆ తరువాత ఇంజనూ ఉండదు, ఆమె గొంతూ ఉండదు.

మొదటి సాయంత్రం కరిగించారు. బోల్టులు మెరిసి, ఎర్రబడి, ముద్దలయ్యాయి. ఆమె “రేపు ఏడింటికి” అని టక్కున వెళ్లిపోయింది.

అతనికి కంటి మీద కునుకు పడితే ఒట్టు. మర్నాడు మధ్యాహ్నం భోజనం డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆట తెరిచి, నిన్న కరిగిన ఇరవై ముక్కలకి బదులు చేతికొచ్చిన ఇరవై ముక్కల్ని గుట్టుగా పోతపోశాడు. తన వాటా ఇనుము చాలక కొండ తవ్వి మరీ పోశాడు. ఖాళీ కనిపించిన చోటల్లా హడావిడిగా బిగించేశాడు. ఆ రోజు మొదలు రోజూ అదే పని. సాయంత్రం కరిగించడం, మధ్యాహ్నం అతికించడం. ఆమె కనిపెడుతుందేమోనని భయం, కనిపెట్టకపోతే ఎలాగని బెంగ. గోళ్లు కొరకడం మొదలెట్టాడు. ఇంకో వారం గడిస్తే మోచేతుల దాకా వచ్చేసేవాడు.

సాయంత్రాలు ఇంజన్‌ని చూసే తీరికెక్కడిది? ఆమె గొంతులో కోపం ఎంత తగ్గిందా అని వినడమే సరిపోయేది.

పన్నెండో రోజు సాయంత్రం, ఈ గొడవంతా తెలిసిన అతని అక్క భుజం మీదుగా తొంగి చూసింది.

“ఒరేయ్, ఇదేం ఇంజన్‌రా? జెర్రిలా ఇన్ని చక్రాలేంటి?”

అతను చూశాడు. ఎనిమిది ఉండాల్సిన చక్రాలు పద్నాలుగున్నాయి. ఒకటి ఉండాల్సిన పొగగొట్టాలు మూడున్నాయి. ఇంజన్ తరగలేదు సరికదా, కాన్పుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా నిండుగా ఉంది.

“నేను పెట్టింది ఒక్క గొట్టమే కదా...”

“మరి మూడోది ఎవరు పెట్టార్రా, ఆ పిల్ల వాళ్ల తాతా?” అంది అక్క.

సరిగ్గా ఏడింటికి ఆమె వచ్చింది. “మీట పట్టుకో.”

“పట్టుకోను. ఈ ఇంజన్‌కి మూడు పొగగొట్టాలెందుకున్నాయి?”

హెడ్‌ఫోన్‌లో ఊపిరి బిగపట్టిన చప్పుడు.

“నీకు లెక్కలు రావు.”

“ఒకటి మనం చేసింది. ఒకటి నేను దొంగతనంగా పెట్టింది. ఇంకోటి?”

“పొద్దున్న షాపు తెరవకముందు నాకేం పనుంటుంది మరి!” అందామె. “కళ్లద్దాలు తుడుస్తూ కూర్చోవాలా?”

“అంటే... లిఫ్ట్ మాట నమ్మావా?”

“నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. కానీ అబద్ధమాడేవాడైతే ఇంతకంటే మంచి అబద్ధం ఆడతాడు కదా అనిపించింది.”

అతను నవ్వేశాడు.

“విను తుప్పూ, నేను షాపులోనే ఉన్నాను. పెద్ద గడియారం ఎదురుగా కళ్లద్దాల షాపు. అరగంటలో మూసేస్తారు. ఈసారి రాకపోతే నేనొక్కదాన్నే ఆ కొలిమిలో దూకుతాను.”

“అది ఆటలో కుదరదు.”

“వస్తావా, నియమాలు చెబుతావా?”

అతను చెప్పులు వేసుకున్నాడో లేదో చెప్పులకే తెలియాలి. వీధిలోకి రాగానే వాన. బస్సు నిండింది, ఆటో ఆగలేదు. ఇక పరుగే. అతని పరుగుకి చినుకులు మీద పడటానికి తంటాలు పడ్డాయంటే నమ్మండి. దారిలో ఫోన్ ఒకటే మోత, అక్క!

షాపులో ఒక్కతే ఉంది. గుండ్రటి కళ్లద్దాలు, చెవి పక్కన ఇరుక్కున్న పెన్సిలు. తడిసి ముద్దయి గుమ్మం పట్టుకుని నిలబడ్డవాడిని ఎగాదిగా చూసింది. అతను నోరు తెరిచాడు. మాట రాలేదు, ఆయాసమే వచ్చింది.

“ఆ రొప్పు నాకు తెలుసు,” అందామె మెల్లగా. “కొండ తవ్వేటప్పుడు ఇలాగే వినపడేది.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ పారిపోలేదు.

అతని చేతిలో ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తడానికి అతనికి ఊపిరి చాలలేదు. ఆమే అందుకుని చెవిన పెట్టుకుంది.

“ఒరేయ్, చేరావా లేదా? ఆ పిల్ల ఏమంది?” అవతల అక్క గొంతు షాపంతా వినిపించింది.

ఆమె అతని వైపు ఒక్క క్షణం చూసింది. ఆమె చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

“చేరారు వదినా. తల తుడిచి పంపిస్తాను.”

అతని ఆయాసం ఠక్కున ఆగిపోయింది.

“ఏమన్నావమ్మా?” అంది అక్క, ఈసారి చాలా మెల్లగా. “ఆ పిలుపు ఇంకోసారి పిలువు.”