సిగ్నే పట్టుకున్న తలుపు

శుక్రవారం పొద్దున్నే అందరి ఫలహారానికి రొట్టెల సంచులతో వచ్చే మనిషిని డెన్మార్క్ నగరం ఆర్హుస్‌లో ఏ ఆఫీసూ ఆపదు. సిగ్నే ధైర్యమంతా అదే. చదువు ముగించి సైబర్ భద్రత సంస్థలో చేరి రెండు నెలలయింది. ఇవాళ్టి పని కుదిరితేనే ఉద్యోగం నిలుస్తుంది. ప్రవేశ కార్డు లేకుండా ఒక బీమా కంపెనీలోకి చొరబడి, సర్వర్ గదిలో ఎర్ర స్టిక్కర్ అంటించి రావాలి. ఆ కంపెనీ కోరి పెట్టించుకున్న పరీక్షే ఇది.

తెల్లారినా చీకటి వదల్లేదు. వెనక గుమ్మం దగ్గర సన్నటి వాన. ఒకావిడ కార్డు గీసి, సంచులు చూసి నవ్వి, తలుపు ఆమె కోసం తెరిచి వదిలి ముందుకెళ్లింది. సిగ్నే లోపలికి అడుగు పెట్టిందో లేదో వెనక బరువైన అడుగులు, తడిసిన ఉన్ని కోటు వాసన. అలవాటు ఎక్కడికి పోతుంది? తల తిప్పకుండానే భుజంతో తలుపు ఆపింది.

"థాంక్స్ అమ్మాయ్," అంది ముసలి గొంతు.

సర్వర్ గది దాకా వెళ్తే దానికి తాళం. సిగ్నేకి ఏడుపొచ్చినంత పనయింది. అంతలో ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. లోపల చీకటి... అదే కోటు వాసన...

"రా. నువ్వు నాకు పట్టుకున్నావుగా."

ఎవరు నువ్వని అడగాల్సింది. ఉద్యోగం గుర్తొచ్చి గబగబా లోపలికెళ్లింది. స్టిక్కర్ అంటించి పరుగున వచ్చేసింది.

మధ్యాహ్నం తమ ఆఫీసులో పై అధికారి టోర్కిల్ బీమా కంపెనీ కెమెరా దృశ్యాలు ఆమె ముందు పెట్టాడు. పని అంత సులువుగా కావడం అతనికి మింగుడు పడలేదు.

"లోపల నీకు చుట్టాలున్నారా సిగ్నే? మనిషిని పెట్టుకుని గెలిచావని తేలితే ఇంటికే."

"ఎవరో తెరిచారు. నిజంగా నాకు తెలీదు."

తెర మీద సర్వర్ గది తలుపు దానంతటదే తెరుచుకుంది. వెనక గుమ్మంలోనూ అంతే, సిగ్నే ఎవరూ లేని వానకి తలుపు పట్టుకుని నిలబడింది. టోర్కిల్ ఆమె వైపు అనుమానంగా చూశాడు.

"నీ ఉద్యోగం సంగతి సోమవారం తేలుస్తాను," అని లేచాడు.

తలుపు తెరిచి పట్టుకున్నాడు. సిగ్నే వరండాలోకి వచ్చింది. అతను ఇంకా పట్టుకునే ఉన్నాడు...

"ఎవరి కోసం?" గొణిగింది.

"అదేం ప్రశ్న? నీ వెనక పెద్దాయన..."

టోర్కిల్ గదిలోకి తిరిగి చూశాడు. ఇంతసేపూ ఆ గదిలో ఉన్నది వాళ్లిద్దరే.

తడి ఉన్ని వాసన ఇద్దరినీ దాటి వెళ్లింది. వరండా చివర, కార్డు లేనిదే తెరుచుకోని తలుపు మెల్లగా తెరుచుకుంది... వాళ్ల కోసం ఎవరో పట్టుకున్నట్టు, మూసుకోకుండా ఆగింది.