బాపు చెవిన పడ్డ గిటారు

ఆదివారం పొద్దున సారయ్య గడప పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. వంటింట్లోంచి సత్యవ్వ ఏదో చెబుతూనే ఉంది. ఆ గొంతు గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ముద్దగా వస్తోంది. ఏమంటోందో తెలియక, అలవాటు ప్రకారం, "ఆఁ, చూద్దాం తియ్" అన్నాడు. ఈ మధ్య ఇంట్లో అతను ఎక్కువగా అనే మాట అదే.

సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాల కార్ఖానాల్లో మగ్గాలు బాగుచేయడం సారయ్య పని. ముప్పై రెండేళ్లుగా అదే మోతలో బతికాడు. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ చేతులతో, పెదవులతోనే మాట్లాడుకుంటారు. అందుకే తన చెవులు పోతున్న సంగతి అక్కడ ఎవరూ పసిగట్టలేదు. రెండేళ్ల కిందట పిట్టల కూతలతో మొదలైంది. తర్వాత ఫోన్ మోత పోయింది. ఆ తర్వాత ఆడవాళ్ల మాటలు అరిగిపోయిన అక్షరాల్లా అయ్యాయి. చెబితే కార్ఖానా సేటు పనిలోంచి తీసేస్తాడని భయం. చెవిటోడని పిలిపించుకోవాలంటే సిగ్గు. ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

ఏడాది కిందట కూతురు అఖిల కోరుట్ల బడిలో టీచరు ఉద్యోగం మానేసి, ఒక బ్యాండులో లావు స్వరాలు పలికే బేస్ గిటారు వాయించడానికి హైదరాబాదు వెళ్లింది. సత్యవ్వ రెండు రోజులు ఏడ్చింది. సారయ్య మాత్రం బస్టాండు దాకా సంచి మోసి, సీటు పట్టి కూర్చోబెట్టి వచ్చాడు. కానీ అఖిల ఫోన్ చేసినప్పుడల్లా, "మంచిగున్నవా బిడ్డ? ఇగో, అమ్మ మాట్లాడ్తదట" అని ఫోన్ భార్య చేతిలో పెట్టేసేవాడు.

ఆ పొద్దున ఎనిమిదింటికి అఖిల ఆటో దిగింది. భుజాన తన ఎత్తున్న నల్ల సంచి, చేతిలో చిన్న స్పీకరు పెట్టె. తండ్రికి ఎదురుగా కూర్చుని సంచి జిప్పు తీసింది.

"బాపూ, దీన్ని చూడు. జగిత్యాలల దివాకర్ సార్ అని పాత ఆర్కెస్ట్రా ఆయన దగ్గర దొరికింది. కలకత్తాల ఒక వడ్రంగి చేతితోని చేసినవట గివి, మొత్తం ఇరవై గూడ లెవ్వు. రేపటి దాక వాయించి చూసుకొమ్మన్నడు. కని ఒక్క కాడ స్వరం నిలుస్తలేదు. మెడ లోపట పగిలిందేమోనని నా గుబులు."

ఎదురుగా ఉంది కాబట్టి సగం ఆమె పెదవుల మీంచి అందుకున్నాడు. జగిత్యాల, కలకత్తా, పగిలింది. "మంచిగుంది బిడ్డ" అన్నాడు. అఖిల ముఖం చిన్నబోయింది.

కాసేపటికి ఆమె వంటింట్లోంచి చాయ్ గిన్నెతో వచ్చి పక్కన నిలబడింది. ఏదో అడిగింది. ఆమె చేతిలో గిన్నె, తన చేతిలో ఖాళీ గ్లాసు చూసి సారయ్య నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బిడ్డ. నాకింక అక్కర లేదు."

అఖిల గిన్నె కింద పెట్టేసి, చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. చాయ్ వద్దంటే ఇంత ఏడుపేమిటో సారయ్యకు అర్థం కాలేదు. ఇంతలో సత్యవ్వ చెయ్యి కడుక్కోకుండానే బయటికి వచ్చి, అతని ముఖంలో ముఖం పెట్టి గట్టిగా అరిచింది. ఆ మాటలు అందాయి.

"నీకేమన్న మనసున్నదా? పోరి ఏమడిగింది, నువ్వేమన్నవ్? 'ఫోన్ల రెండు మాటలు మాట్లాడవ్, నేను నీకు అక్కర లేనా' అని అడిగితె, అక్కర లేదంటవా? గదేం నోరయ్యా! ఇప్పుడే పోతదట!"

సారయ్య గ్లాసు కింద పెట్టి లోపలి గది వైపు చూశాడు. ఏం చెప్పాలన్నా మొదటి నుంచీ చెప్పాలి.

అప్పుడు లోపలి గదిలోంచి ఒక మోత వచ్చింది.

నిండుగా, గుండ్రంగా, ఒక్కో స్వరం విడివిడిగా. రెండేళ్లలో ఈ ఇంట్లో అతనికి ఇంత తేటగా ఏదీ వినపడలేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. మంచం మీద అఖిల తల వంచుకుని, సంచిలో సర్దే ముందు ఆఖరిసారి తీగలు చూస్తోంది. కిందికి దిగే స్వరాలు నేలలోంచి అరికాళ్లకు తగులుతున్నాయి. ఒక మెట్టు దగ్గర మాత్రం మోత జర్రుమని చెదిరి, ఊపిరి అందనట్టు ఆగిపోయింది.

"మల్ల గదే గొట్టు బిడ్డ" అన్నాడు సారయ్య.

అఖిల తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాదనలేక మళ్లీ మీటింది. అతను ఎదురుగా కూర్చుని అరచేయి గిటారు ఒంటికి ఆనించాడు. మోత తప్పిన మగ్గాన్ని చూసినట్టే, చెయ్యిని మెల్లగా మెడ మీదుగా పైకి జరిపాడు. చెక్క చారలను వేలితో తలకాయ నుంచి అడుగు దాకా వెంబడించాడు.

"ఇది రెండు ముక్కలు అతికింది కాదు. మెడ నుంచి అడుగు దాక ఒకటే కట్టె. పగులు లేదు. ఉంటె మోత గా పగులు కాడ్నే తెగుతది, చేతికి తెలుస్తది."

కొసన తీగలు బిగించే బిరడాలను ఒక్కొక్కటీ పట్టి చూశాడు. మూడోదాన్ని బొటనవేలితో అదిమి, మీటమన్నాడు. జర్రుమనడం పోయింది. వదిలితే మళ్లీ వచ్చింది.

"గిదే దొంగ! దీని నట్టు వదులైంది. మోతను గిదే మింగుతుంది."

అఖిల నట్టు మీదికి వంగింది. దాని చుట్టూ వేలితో తడిమింది. అలా వంగే ఏదో అంది. సారయ్య గిటారు వైపే చూస్తున్నాడు. మళ్లీ అంది. అతను కదలలేదు. ఆమె మెల్లగా తలెత్తి తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత చున్నీ పెదవులకు అడ్డం పెట్టుకుని ఇంకోమాట అడిగింది.

సారయ్య నవ్వాడు. "అవ్ బిడ్డ, మంచిగ మోగుతుంది."

అఖిల చున్నీ జారిపోయింది. ఈసారి అతని రెండు చేతులూ పట్టుకుని, ముఖం దగ్గరికి వచ్చి, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది.

"బాపూ, నేను నట్టు బిగించెటి పాన తెమ్మన్న. రెండుసార్లు. నీకు... ఇనవడ్తలేదా?"

ఎన్నాళ్లుగానో భయపడ్డ ప్రశ్న అది. తీరా వచ్చాక, అంత భయం వేయలేదు.

"లేదు బిడ్డ. రెండేండ్లాయె. మీ గొంతులు ఉట్టి గాలి లెక్క వస్తయ్. ఫోన్ల ఒక్క ముక్క అర్థం గాదు. నీ మీద నాకెందుకు కోపం? నువ్వు వాయించేది ఇనాలని నాకెంత ఉండెనో! ఇనవడదని భయపడ్డ. కని గిది ఇనవడ్తుంది బిడ్డ. మంచిగ ఇనవడ్తుంది."

అఖిల అతని భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "ఏడాది సంది నేనెంత కుమిలిన్నో తెల్సా?" అని, అతనికి అందలేదని గుర్తొచ్చి, కళ్లు తుడుచుకుని, తలెత్తి మళ్లీ చెప్పింది.

తలుపు దగ్గర సత్యవ్వ పిండి చేతులతో అలాగే నిలబడి ఉంది. సారయ్య అటు చూశాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. ఆమె నేల మీద చతికిలబడింది.

"నా మీద మనసు విరిగిందనుకున్న" అంది, అతనికి కనపడేటట్టు ముఖం పైకెత్తి. "నేను చెప్పుకుంటనే ఉంటి, నువ్వు అటు చూసుకుంటనే ఉంటివి. ముసలిదాన్నైన, నా ముచ్చట రుచిస్తలేదనుకున్న. ఎవలకు చెప్పుకోవాల్నో తెల్వక వంటింట్లనే ఏడ్చిన."

సారయ్య మంచం దిగి ఆమె పక్కన కూర్చున్నాడు. చెవులు పోవడం తన ఒక్కడి బాధే అనుకున్నాడు ఇన్నాళ్లూ. "చెప్తె నువ్వు ఏడుస్తవని చెప్పలేదే" అన్నాడు.

"చెప్పకుంటె ఏడ్వలేదా మరి?"

ఆ మధ్యాహ్నం సారయ్య పాన తెచ్చి నట్టు బిగించాడు. అఖిల అన్ని మెట్లూ ఒక్కొక్కటే వాయించింది. స్వరం ఎక్కడా తెగలేదు. సత్యవ్వ కూడా ఒకసారి చెయ్యి ఆనించి, "అబ్బో, జివ్వుమంటుంది" అని లాగేసుకుంది.

మర్నాడు ముగ్గురూ జగిత్యాల వెళ్లారు. గిటారు తనకే కావాలని అఖిల దివాకర్‌కు చెప్పి, తండ్రిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు పరీక్ష చేసి, లావు మోతలు బాగానే అందుతున్నాయని, సన్న గొంతులకు మిషన్ పెట్టుకుంటే సరిపోతుందని, ఇకనైనా కార్ఖానాలో చెవులకు అడ్డం పెట్టుకోమని చెప్పాడు.

"సేటుకు నేనే చెప్త" అన్నాడు సారయ్య మెట్లు దిగుతూ. "చెయ్యి పెడితె మగ్గం రోగం చెప్పెటోన్ని ఎందుకు తీస్తడు? తీస్తె ఇంకో కార్ఖాన చూసుకుంట."

రోడ్డు మీదికి రాగానే సత్యవ్వ అతన్ని ఆపి ఎదురుగా నిలబడింది. నోరు పెద్దగా తెరిచి, మాటమాటకూ ఆగుతూ అరిచింది.

"ఏమయ్యా! ఆకలి! అయితుందా! నీకు?"

పండ్ల బండ్ల దగ్గర జనం తిరిగి చూశారు. అఖిల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అయితుందే, అయితుంది. మెల్లగ అడుగు, జగిత్యాలంత ఇంటున్నరు" అన్నాడు సారయ్య.

"ఇననీ" అంది సత్యవ్వ. కొంగుతో కళ్లు ఒత్తుకుని, అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.